కత్తిపీట దగ్గర మొదలయ్యే పని: కణాల ముసలితనం నెమ్మదించేలా వండుకోవడం ఎలా?

పోయిన సంక్రాంతికి మా అక్కావాళ్లు వచ్చినప్పుడు, బావగారి సంచిలోంచి బట్టలకంటే ముందు సీసాలు బయటికొచ్చాయి. పసుపు సారం మాత్రలు, గ్రీన్ టీ సారం మాత్రలు, ద్రాక్షతొక్క సారం మాత్రలు. డల్లాస్‌లో ఉన్న కొడుకు పంపాడట. "ఇవి వేసుకుంటే ఒంట్లో కణాలు ముసలివి కావమ్మా. కెమిస్ట్రీ చెప్పినదానివి, నీకు తెలియదూ?" అన్నారు. ఉగాది వెళ్లిన నెలకి ఆయన కళ్లు పచ్చబడ్డాయి. ఎస్‌జీపీటీ (కాలేయం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము) ఉండాల్సినదానికి పదింతలు. డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, "మూలికలు, సప్లిమెంట్లు ఏమైనా వాడుతున్నారా?" అని. సీసాలన్నీ ఆపించారు. రెండు నెలలకి రిపోర్టు దారికొచ్చింది.

చిత్రమేమిటంటే ఆయన మింగినదంతా మన పోపులడబ్బాలోనూ కూరల బుట్టలోనూ దొరికే పదార్థమే. తేడా మోతాదులో ఉంది, ఒంట్లోకి వచ్చే దారిలో ఉంది. అదే పదార్థాన్ని కూరగా, చారుగా, పచ్చడిగా ఎలా తెచ్చుకోవాలో, దానివల్ల ఎంత ఆశించవచ్చో, ఎంత ఆశించకూడదో ఇక్కడ రాస్తున్నాను. ఇరవై ఎనిమిదేళ్లు ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెప్పాను, ముప్పై అయిదేళ్లుగా వంట చేస్తున్నాను. ఇందులో రెండో అనుభవమే ఎక్కువ పనికొచ్చింది.

ముందు, కణం ఎలా ముసలిదవుతుందో కాస్త

1961లో అమెరికాలో లియొనార్డ్ హేఫ్లిక్, పాల్ మూర్‌హెడ్ అనే ఇద్దరు మనిషి కణాలను గాజుపాత్రలో పెంచి చూశారు. సుమారు యాభై సార్లు రెండుగా చీలాక అవి ఆగిపోయాయి. చావలేదు, చీలలేదు, అలా ఉండిపోయాయి. ఇలాంటి కణాలు మన ఒంట్లోనూ వయసుతోపాటు పోగుపడతాయి. ఊరికే కూర్చుంటే ఫర్వాలేదు. కానీ చుట్టుపక్కల వాపు రేపే రసాయనాలను వదులుతుంటాయి. పనీపాటా లేకుండా అరుగుమీద కూర్చుని వచ్చేపోయేవాళ్లతో తగువుపెట్టుకునే మనిషిలాగా. వీటికి జాంబీ కణాలని పేరు.

రెండోది చెత్త ఎత్తిపోసే పని. కణం తనలో పాడైన భాగాలను తానే విడగొట్టి మళ్లీ వాడుకుంటుంది. దీన్ని ఆటోఫజీ అంటారు. ఇది ఎలా జరుగుతుందో ఈస్ట్ కణాల్లో తేల్చినందుకు జపాన్ శాస్త్రవేత్త యొషినొరి ఒసుమికి 2016లో నోబెల్ వచ్చింది. వయసుతో ఈ పని మందగిస్తుంది.

మూడోది మైటోకాండ్రియా, అంటే కణంలో ఇంధనం తయారయ్యే చోటు. ఆ ఇంధనం పేరు ఏటీపీ. దాన్ని 1929లో కండరాల్లో కనిపెట్టినవారిలో సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేసిన మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు ఉన్నారు. మా క్లాసులో ఈ మాట చెప్పని సంవత్సరం లేదు. నాలుగోది చక్కెర. రక్తంలో ఎక్కువైన చక్కెర ప్రొటీన్లకి అంటుకుని వాటిని బిరుసుగా చేస్తుంది. దీని సంగతి అన్నం దగ్గర చెబుతాను, ఎందుకంటే మన ఇళ్లలో అసలు కథ అదే.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. ఈ పదార్థాల గురించి గొప్పగా వినబడేవన్నీ చాలావరకు ఈస్ట్‌లో, పురుగుల్లో, చిట్టెలుకల్లో చూసినవి. అమెరికా ప్రభుత్వం ఒకే పరీక్షను మూడు వేర్వేరు ల్యాబుల్లో చేయించి, చిట్టెలుకల ఆయుష్షు నిజంగా పెరుగుతోందా అని చూసే పెద్ద కార్యక్రమం నడుపుతోంది. అందులో పసుపులోని కుర్క్యుమిన్, ద్రాక్షలోని రెస్వెరట్రాల్, గ్రీన్ టీ సారం, మూడూ ఆయుష్షు పెంచలేదు. స్ట్రాబెర్రీల్లో ఉండే ఫిసెటిన్ 2018లో ఒక ప్రయోగంలో ముసలి ఎలుకల ఆయుష్షు పెంచిందని అందరూ ఎగిరి గంతేశారు. ఇదే కార్యక్రమంలో మళ్లీ పరీక్షిస్తే పెంచలేదు. కాబట్టి "ఇది తింటే ఇన్నేళ్లు ఎక్కువ బతుకుతారు" అని ఎవరు చెప్పినా నమ్మకండి, నేను చెప్పినా సరే.

మొదటి పని: ఈ రోజు లెక్కలు రాసిపెట్టుకోండి

హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల షుగర్ సగటు చెప్పే రక్తపరీక్ష), బీపీ, కొలెస్ట్రాల్, నడుము కొలత. ఈ నాలుగూ ఒక నోటుబుక్కులో తేదీ వేసి రాయండి. నడుమును బొడ్డు దగ్గర, ఊపిరి బిగపట్టకుండా టేపుతో కొలవండి. మన దేశంలో మగవాళ్లకి 90, ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు దాటకూడదంటారు. "మీ కణాల వయసు చెబుతాం" అని ఉమ్మి తీసుకుని వేలకు వేలు గుంజే కిట్ల జోలికి పోనక్కర్లేదు. ఆ డబ్బుతో ఏడాదిపాటు ఆకుకూరలు కొనుక్కోవచ్చు.

ఇంకోటి. వంటింటి తక్కెడ ఉంటే ఒకే ఒక్క రోజు, ఇంట్లో మనిషికి ఎంత కూర పడుతోందో తూచి చూడండి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం రోజుకు మనిషికి కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పళ్లు 100, పప్పులు 85, గింజలు 35 గ్రాములు పడాలి. ధాన్యం 250 గ్రాములు చాలు. మా ఇంట్లో తూస్తే కూర మనిషికి 150 దాటలేదు, బియ్యం మాత్రం 350 దాకా తేలింది. రోజూ మూడు రకాలు వండుతున్నాననే గర్వం ఆ రోజుతో పోయింది.

రెండో పని: పొయ్యి వెలిగించకముందే తరగండి

ఈ ఒక్క అలవాటు మార్చుకుంటే చాలు, మిగతాదంతా చదవకపోయినా ఫర్వాలేదు.

మనలో చాలామంది ముందు మూకుడు పెట్టి, నూనె కాగేలోపు గబగబా తరుగుతాం. వెల్లుల్లి రెబ్బలు చితక్కొట్టి అలాగే పోపులో వేస్తాం. ఇక్కడే పోతోంది. వెల్లుల్లి రెబ్బ లోపల రెండు సరుకులు వేర్వేరు గదుల్లో ఉంటాయి: అల్లిన్ అనే పదార్థం, అల్లినేజ్ అనే ఎంజైము. రెబ్బ చితికితే గోడలు పగిలి రెండూ కలుస్తాయి, అల్లిసిన్ తయారవుతుంది. వెల్లుల్లి ఘాటు అదే, మేలూ దానిదే. చితకని రెబ్బకి వాసన ఉండకపోవడానికి కారణం ఇదే. వెంటనే కాగిన నూనెలో పడితే ఎంజైము చచ్చిపోతుంది, పని సగంలో ఆగిపోతుంది. చితక్కొట్టి పది నిమిషాలు పక్కన పెట్టండి. ఆ తర్వాత వేయించినా కొంతవరకు నిలుస్తుంది. అందుకే నా వంటింట్లో మొదట చితికేది వెల్లుల్లే.

క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి, బ్రకోలీ, ఆవాలు ఒకే కుటుంబం. వీటిలోనూ ఇదే గదుల కథ. మైరోసినేజ్ అనే ఎంజైము, దానికి ఎదురుగా గ్లూకోసినోలేట్లు. తరిగినప్పుడు కలిసి ఐసోథయోసయనేట్లు అనే ఘాటు పదార్థాలవుతాయి. బ్రకోలీలో వచ్చేదాన్ని సల్ఫొరాఫేన్ అంటారు. ఇది కణంలో ఎన్‌ఆర్‌ఎఫ్2 అనే మీటను నొక్కుతుంది. ఆ మీట పడితే కణం తనకు కావలసిన రక్షణ ఎంజైములను తానే తయారుచేసుకుంటుంది. గమనించండి, ఇక్కడ మొక్క పదార్థం వచ్చి మనల్ని కాపాడడం లేదు. కాస్త గిచ్చి మన కణాన్ని లేపుతోంది, అంతే. మోతాదు చిన్నదిగా ఉండాల్సిన కారణం కూడా అదే.

అందువల్ల క్యాబేజీ సన్నగా తరిగి అరగంట, నలభై నిమిషాలు వదిలేయండి. ఆ తర్వాత పోపు వేసి, మూతపెట్టి, రంగు పోకముందే దించండి. కుక్కర్లో మూడు కూతలు పెట్టించిన క్యాబేజీ పిల్లలు తినకపోతే వాళ్ల తప్పేమీ లేదు.

తరిగి ఉంచే తీరిక లేకపోతే? దీనికి గోదావరి జిల్లాల ఆడవాళ్లు ఎప్పుడో దారి చూపించారు: ఆవ పెట్టిన కూర. అరటికాయో పనసపొట్టో ఉడికించి, పోపు పెట్టి, పొయ్యి మీంచి దించాక, కాస్త చల్లారాక, పచ్చి ఆవాలు ఎండుమిర్చితో నూరిన ముద్ద కలుపుతారు. పొయ్యి మీద కలిపితే చేదొస్తుందని మా అమ్మమ్మ చెప్పేది. పొయ్యి మీద పెడితే ఎంజైము కూడా పోతుందని నేను చాలా ఏళ్ల తర్వాత తెలుసుకున్నాను. ఇంగ్లండ్‌లోని రెడింగ్ యూనివర్సిటీవాళ్లు 2018లో సరిగ్గా ఈ పనే చేశారు. వండిన బ్రకోలీ 200 గ్రాములకి ఒక గ్రాము ఆవపిండి చల్లి తినిపిస్తే, ఒంటికి పట్టిన సల్ఫొరాఫేన్ నాలుగు రెట్లకు పైగా పెరిగింది. వండిన క్యాబేజీలోకి, కాలీఫ్లవర్‌లోకి అర చెంచా పచ్చి ఆవపిండి దించాక కలపండి. ముక్కుకి ఘాటు తగిలితే ఎంజైము పనిచేస్తున్నట్టు. పోపులో చిటపటలాడిన ఆవాలు రుచికే, ఈ పనికి రావు.

ఉల్లిపాయది వేరే దారి. ఇందులోని క్వెర్సెటిన్ వేడికి అంత తేలిగ్గా పోదు. నీళ్లలో ఉడికిస్తే ఆ నీళ్లలోకి దిగుతుంది. పులుసైతే ఆ నీళ్లు ఎలాగూ మనమే తాగుతాం, కాబట్టి నష్టం లేదు. నష్టమంతా ఒలిచేటప్పుడే. క్వెర్సెటిన్ ఎక్కువగా పై పొరల్లో ఉంటుంది, మనం తొందరలో కాగితంలాంటి పొట్టుతో పాటు రెండు దళసరి పొరలు కూడా లాగి పారేస్తాం. ఎండు పొట్టు మాత్రమే తీయండి. తెల్ల ఉల్లి కన్నా ఎర్ర ఉల్లి మేలు. తెలంగాణలో పచ్చిపులుసు చేసేవాళ్లకి నేను చెప్పాల్సిందేమీ లేదు, ఉల్లిపాయ ముక్కలు చేత్తో పిసికి చింతపండు పులుసులో వేస్తారు, పొయ్యే అక్కర్లేదు.

జాంబీ కణాలను చంపుతుందని క్వెర్సెటిన్‌కి పేరొచ్చిన మాట నిజమే. కానీ 2015లో మేయో క్లినిక్ బృందం ఎలుకల్లో చూపించింది ఒక్క క్వెర్సెటిన్‌తో కాదు, డసాటినిబ్ అనే రక్తక్యాన్సర్ మందుతో కలిపి. తర్వాత మనుషుల మీద చేసిన పరీక్షల్లో క్వెర్సెటిన్ వాటాయే రోజుకు వెయ్యి మిల్లీగ్రాములు, ఆపైన ఇచ్చారు. వంద గ్రాముల ఉల్లిపాయలో ఉండేది పదుల మిల్లీగ్రాములు. ఫిసెటిన్ లెక్క ఇంకా నవ్వొస్తుంది. గ్రాము స్ట్రాబెర్రీలో 160 మైక్రోగ్రాములు ఉంటుంది, అన్నిటికన్నా ఎక్కువ దాంట్లోనే. పరీక్షల్లో ఇచ్చే మోతాదు కిలో బరువుకి 20 మిల్లీగ్రాములు. అరవై కిలోల మనిషి ఒక్క రోజులో ఏడున్నర కిలోల స్ట్రాబెర్రీలు తినాలి. ఉల్లిపాయ తినడం మంచిదే. జాంబీలను వేటాడుతున్నానని అనుకోవడం మాత్రం అక్కర్లేదు.

మూడో పని: పసుపును నూనెలో, మిరియంతో

పసుపులో మూడు శాతం దాకా కుర్క్యుమిన్ ఉంటుంది. అది నీళ్లలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. పేగుల్లోంచి రక్తంలోకి ఎక్కేది చాలా తక్కువ, ఎక్కినది కూడా కాలేయం చకచకా మార్చి బయటికి పంపేస్తుంది. 1998లో బెంగళూరులోని సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీవాళ్లు రెండు గ్రాముల కుర్క్యుమిన్‌తో 20 మిల్లీగ్రాముల పైపరిన్, అంటే మిరియంలోని ఘాటు, కలిపి ఇస్తే రక్తంలో కుర్క్యుమిన్ ఇరవై రెట్లయింది. సీసాల మీద కనబడే "మిరియాల సారంతో" అన్న మాట ఇక్కడి నుంచే వచ్చింది. బావగారి సీసా మీదా ఉంది.

లెక్క వేయండి. రెండు గ్రాముల కుర్క్యుమిన్ కావాలంటే దాదాపు అరవై ఏడు గ్రాముల పసుపు కావాలి, ఇరవై చెంచాలకు పైనే. మనం రోజుకు వాడేది పావు చెంచా. మాత్ర, కూర రెండూ ఒకటి కావు. మిరియం కాలేయం కాపలాను కాసేపు పక్కకు తోస్తుంది కాబట్టే శోషణ పెరుగుతుంది. అంత మోతాదు రోజూ లోపలికి వెళ్తుంటే ఆ కాలేయానికే ఎసరు. ఇటలీలో, అమెరికాలో పసుపు మాత్రలతో కాలేయం దెబ్బతిన్న కేసులు నమోదయ్యాయి. గ్రీన్ టీ సారంతోనూ అంతే. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లోనే, మాత్రల రూపంలో రోజుకు 800 మిల్లీగ్రాములు, ఆపైన ఈజీసీజీ (గ్రీన్ టీలోని ముఖ్య పదార్థం) వెళ్తే కాలేయానికి ముప్పని హెచ్చరించింది. కప్పుల్లో కాచుకుని తాగే టీకి ఈ బెడద లేదు.

కాబట్టి వంటింట్లో చేయాల్సింది చిన్నదే. పసుపును ఉడుకుతున్న నీళ్లలో చివర్న చల్లకుండా, పోపులో నూనె ఉండగానే, మంట తగ్గించి, క్షణం వేగనిచ్చి, వెంటనే కూరముక్కలు వేయండి. మాడితే చేదు. వారంలో రెండు మూడు రోజులు మిరియాల చారు పెట్టండి. ఇంతకు మించి పసుపుతో సాము చేయనక్కర్లేదు.

కొనేటప్పుడు మాత్రం జాగ్రత్త. దుగ్గిరాల, నిజామాబాద్ మార్కెట్లు ఉన్న రాష్ట్రాల్లో ఉండి పొట్లం పొడి కొనడమేమిటి? కొమ్ములు కొని, దంచి మరపట్టించుకోండి. కొమ్ము మరీ నిగనిగలాడుతూ చేతికి రంగు అంటుతుంటే వదిలేయండి. రంగు కోసం లెడ్ క్రోమేట్ అనే సీసపు రంగు పూసే మోసం బంగ్లాదేశ్‌లో 2019లో పరిశోధకులు పట్టుకున్నారు. సీసం మెదడుకి విషం.

నాలుగో పని: విస్తరిలో వరస మార్చండి

మన భోజనం వరస చూడండి. పప్పన్నం, కూరన్నం, పులుసన్నం, పెరుగన్నం. పేర్లు నాలుగు, నాలుగింటి చివరా అన్నమే. కూర అన్నానికి ఆదరువు అన్నారు పెద్దలు. పొలంలో పది గంటలు దిగినవాళ్లకి అది సరే. కుర్చీలో కూర్చునేవాళ్లకి అన్నమే ఆదరువు కావాలి.

చక్కెర ప్రొటీన్లకి అంటుకుంటుందన్నాను కదా. హెచ్‌బీఏ1సీ కొలిచేది సరిగ్గా దాన్నే, ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్‌కి ఎంత చక్కెర అతుక్కుందో. ఎర్రకణం బతుకు నూట ఇరవై రోజులు, కాబట్టి అది పోయి కొత్తది వస్తుంది. రక్తనాళాల గోడల్లో, చర్మంలో ఉండే కొలాజెన్ ఏళ్ల తరబడి అదే. దానికి అంటినది అంటినట్టే ఉంటుంది. ముడతలు, గట్టిపడ్డ నాళాలు, కంట్లో శుక్లం, వీటన్నిటి వెనకా ఈ అతుకుడు కొంత ఉంది.

పైన చెప్పిన ఎలుకల కార్యక్రమంలో పసుపూ గ్రీన్ టీ ఓడిపోయాయి గానీ, గెలిచినవాటిలో అకార్బోజ్ అనే పాత షుగర్ మందు ఉంది. మగ చిట్టెలుకల ఆయుష్షు బాగానే పెరిగింది, ఆడవాటిది కొద్దిగా. అది చేసే పని ఒక్కటే, పిండిపదార్థం అరగడాన్ని నెమ్మది చేయడం. షుగర్ లేనివాళ్లు ఆ మందు వేసుకోమని కాదు నా మాట. అదే పనిని విస్తరి వరసతో కొంతవరకు చేయించుకోవచ్చు.

ఎలాగంటే, కూర్చోగానే అన్నం పెట్టుకోకండి. ముందు ఒక గిన్నెడు కూర, దాంతోపాటు గట్టి పప్పో గుడ్డో చేపముక్కో చెంచాతో తినండి. అయిదు పది నిమిషాల తర్వాత అన్నం పెట్టుకోండి, సగమే సరిపోతుంది. న్యూయార్క్‌లో 2015లో టైప్ 2 షుగర్ ఉన్న పదకొండు మందితో ఇలా చేయించారు. అదే భోజనం, వరసే వేరు. ముందు కూరలు, ప్రొటీను తిన్న రోజు, గంట తర్వాత చూస్తే రక్తంలో చక్కెర 37 శాతం తక్కువగా ఉంది. చిన్న పరీక్షే, కానీ మీ ఇంట్లో గ్లూకోమీటర్ ఉంటే రెండు రోజుల్లో మీ వేలి మీదే చూసుకోవచ్చు. మా ఆయన నమ్మలేదు. సోమవారం మామూలుగా, మంగళవారం వరస మార్చి, అదే బెండకాయ కూర, అదే పప్పు, అదే కొలత అన్నంతో తినిపించి వేలు గుచ్చాను. ఆ అంకెలు చూశాక ఆయనే కూర గిన్నె ముందుకు లాక్కుంటున్నారు. కూరలో ఉప్పు తగ్గించాలన్న సంగతి అప్పుడే తెలిసింది. అన్నంతో కలిస్తే సరిపోయే ఉప్పు వట్టి కూరకి ఎక్కువ. కారం కూడా.

అయిదో పని: మొలక ఉన్న గింజ

స్పెర్మిడిన్ అన్న పేరు విని నవ్వకండి. దీని అన్నదమ్ముడి స్ఫటికాలను మొదట వీర్యంలో చూశారు, ఆ పేరు అలా అంటుకుపోయింది. ఇది ప్రతి జీవకణంలోనూ ఉంటుంది, వయసుతో తగ్గుతుంది, ఆటోఫజీని పురిగొల్పుతుంది. ఆస్ట్రియాలోని గ్రాట్స్ బృందం 2009లో దీంతో ఈస్ట్, ఈగ, పురుగు ఆయుష్షు పెంచి చూపించింది. ఇటలీ ఉత్తరాన బ్రునెక్ అనే ఊళ్లో 829 మందిని ఏళ్ల తరబడి గమనించి 2018లో రాసిన వ్యాసం ప్రకారం, తిండిలో స్పెర్మిడిన్ ఎక్కువున్నవాళ్లలో మరణాలు తక్కువ. అయితే అలాంటి తిండి తినేవాళ్లు మిగతా విషయాల్లోనూ జాగ్రత్తపరులై ఉండవచ్చు. బెర్లిన్‌లో ఏడాదిపాటు మాత్రలుగా ఇచ్చి చూస్తే పెద్దవాళ్ల జ్ఞాపకశక్తి మెరుగుపడలేదు.

తిండిగా మాత్రం తెచ్చుకోవడం తేలిక. గోధుమ మొలకభాగం, సోయా, పుట్టగొడుగులు, పచ్చిబఠానీ, శనగలు. గింజలో మొలకెత్తే భాగంలోనే ఇది ఎక్కువ, బియ్యాన్ని పాలిష్ పట్టినప్పుడు ముందు రాలిపోయేది ఆ ముక్కే. దంపుడు బియ్యం ఒక్కసారిగా మొదలుపెడితే ఇంట్లో తిరుగుబాటు వస్తుంది. మూడొంతుల తెల్ల బియ్యానికి ఒక వంతు కలిపి, దంపుడు బియ్యాన్ని మాత్రం ముందు రాత్రే నానబెట్టండి. గోధుమలు మరపట్టించుకుని జల్లించకుండా వాడండి. సాయంత్రం గుగ్గిళ్లు. పని అయిపోయింది.

ఆరో పని: దానిమ్మ, ఉసిరి, కడుపులోని వంటవాళ్లు

దానిమ్మలో, అక్రోటు పప్పులో ఎల్లజిటానిన్లు అనే వగరు పదార్థాలుంటాయి. వాటిని మనం నేరుగా వాడుకోలేం. పెద్దపేగులోని బ్యాక్టీరియా వాటిని విరగ్గొట్టి యూరోలిథిన్-ఎ గా మారుస్తుంది. పాడైన మైటోకాండ్రియాను ఏరి తీసేయడానికి అది సాయపడుతుందని 2016లో పురుగుల్లో, ఎలుకల్లో చూపించారు. తిరకాసేమిటంటే ఈ మార్పిడి బాగా చేయగల బ్యాక్టీరియా పదిమందిలో నలుగురికే ఉంటుంది. అంటే మీ కడుపులో వంటవాళ్లు లేకపోతే అనంతపురం దానిమ్మలు లారీడు దింపినా యూరోలిథిన్ రాదు. పీచు, పీచులోని మేలు మాత్రం అందరికీ వస్తాయి. అందుకని గింజలు నమిలి తినండి, రసం తీసి పీచు పారేయకండి. వగరు, పులుపు ఉన్న ఉసిరి కార్తీకంలో దొరికినన్నాళ్లూ పచ్చిదే పప్పులోకో తొక్కులోకో వాడండి. చక్కెర పాకంలో ఊరిన ఉసిరి మిఠాయి కిందే లెక్క.

టమాటా సంగతి ఒక్క ముక్కలో: దాని ఎర్రదనం, లైకోపీన్, పచ్చి ముక్కల్లో కన్నా నూనెలో మగ్గిన పచ్చట్లోనే ఒంటికి బాగా పడుతుంది.

ఏడో పని: మూకుడులో మిగిలిన నూనె

ఇంత చేసి, బజ్జీలు వేసిన నూనెను సీసాలో పోసి వారం వాడితే చేసినదంతా బూడిదలో పోసినట్టే. కాచిన కొద్దీ నూనె పాడై, అందులో పోలార్ పదార్థాలు అనేవి పెరుగుతాయి, అవి 25 శాతం దాటిన నూనె వాడకూడదని 2018 నుంచి మన దేశంలో నిబంధన. ఇంట్లో కొలవలేం కాబట్టి నురగ, జిగురు, వాసన చూడండి. చిన్న మూకుడులో కొద్ది నూనె పోసి వేయించుకుంటే మిగిలే బాధే ఉండదు.

ఎనిమిదో పని: రాత్రి తలుపు మూయడం

తిండి లేని గంటల్లో కణం చెత్త ఎత్తిపోసుకునే పని పెంచుకుంటుంది. అమెరికాలో స్థూలకాయం లేని ఆరోగ్యవంతులకి రెండేళ్లపాటు తిండి 25 శాతం తగ్గించమంటే, వాళ్లు తగ్గించగలిగింది 12 శాతమే. అయినా రక్తపరీక్షలో ముసలితనం వేగం రెండు మూడు శాతం తగ్గిందని 2023లో రాశారు. ఎముకల బలం కొంత తగ్గిందన్నది కూడా అదే ప్రయోగంలో తేలింది, దాన్ని ఎవరూ పెద్దక్షరాల్లో వేయరు.

మనకు సాధ్యమయ్యేది రాత్రి భోజనం ఎనిమిదింటికి ముందు ముగించి, పొద్దున దాకా మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టుకోకపోవడం. శనివారం ఒక్కపొద్దని చెప్పి రాత్రికి నాలుగు పెసరట్లు, ఉప్మా, పైన రెండు అరటిపళ్లు తినేవాళ్లు అది ఉపవాసం లెక్కలోకి రాదని గ్రహించాలి. దేవుడు లెక్కలోకి తీసుకుంటే తీసుకోవచ్చు, కణం తీసుకోదు.

ఆగి, డాక్టరును అడగాల్సినవాళ్లు

ఇన్సులిన్, షుగర్ మాత్రలు వాడేవాళ్లు అన్నం సగం చేసినా, తినకుండా ఉండే గంటలు పెంచినా షుగర్ పడిపోవచ్చు, ముందే మోతాదు మాట్లాడుకోండి. గుండెకు కవాటం మార్చుకుని రక్తం పలచనయ్యే అసిట్రామ్, వార్ఫరిన్ లాంటి మందు వేసుకునేవాళ్లు ఆకుకూరలు మానక్కర్లేదు. కానీ ఒక వారం బుట్టెడు, ఒక వారం ఏమీ లేకుండా తినకూడదు. వాటిలోని విటమిన్ కె ఆ మందుకు ఎదురు పనిచేస్తుంది, రోజూ ఒకే కొలత ఉండాలి. పసుపు మాత్రలు వీళ్లు అసలు ముట్టుకోకూడదు. ఆక్సలేట్ రాళ్లు వచ్చినవాళ్లు పాలకూర, గోంగూర తగ్గించి మెంతికూర వైపు వెళ్లండి. గర్భిణులకు, ఎదిగే పిల్లలకు ఎనిమిదో పని వర్తించదు.

ఎవరైనా సీసా తెచ్చి చేతిలో పెడితే

1980ల్లో క్యారెట్లు, పళ్లు ఎక్కువ తినేవాళ్లకి ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువని గమనించి, దానిలోని బీటా కెరోటిన్‌ను మాత్రగా చేసి ఫిన్లండ్‌లో పొగతాగే మగవాళ్లకి ఏళ్లపాటు ఇచ్చారు. 1994లో ఫలితం వచ్చింది: మాత్ర వేసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువ. అమెరికాలో అలాంటి ప్రయోగాన్నే రెండేళ్ల తర్వాత మధ్యలో ఆపేశారు. క్యారెట్‌కి ఆ పాపం ఎన్నడూ అంటలేదు.

రెస్వెరట్రాల్ కథ డబ్బు కథ. ముసలితనాన్ని ఆపుతుందని నమ్మి గ్లాక్సోస్మిత్‌క్లైన్ 2008లో సర్‌ట్రిస్ అనే చిన్న కంపెనీని 72 కోట్ల డాలర్లు పోసి కొన్నది, అయిదేళ్లకి ఆ దుకాణం మూసేసింది. ఇటలీలో వైన్ తాగే కియాంటీ ప్రాంతపు పెద్దవాళ్ల మూత్రంలో రెస్వెరట్రాల్ ఆనవాళ్లు కొలిచి చూస్తే, ఎక్కువున్నవాళ్లు ఎక్కువకాలం బతికారన్నదేమీ తేలలేదు.

అమెరికా నుంచి పిల్లలు ప్రేమగా పంపినప్పుడు కాదనలేం. నేను అక్క కొడుకుతో ఫోన్లో ఒకటే చెప్పాను: "నాన్నా, ఈసారి వచ్చేటప్పుడు అక్రోటు పప్పు తీసుకురా, సీసాలొద్దు." తెచ్చాడు, రెండు కిలోలు.

రేపు పొద్దున వరస

ఆరున్నరకి లేచి స్టవ్ జోలికి పోకుండా వెల్లుల్లి ఆరు రెబ్బలు చితక్కొట్టి మూతపెడతాను. క్యాబేజీ తరిగి పళ్లెంలో పరుస్తాను. రాత్రి నానిన దంపుడు బియ్యంలో తెల్ల బియ్యం కలిపి కడిగి పక్కన పెడతాను. అప్పుడు కాఫీ. పేపరు చదవడం అయ్యేసరికి అరగంట గడుస్తుంది, క్యాబేజీ తన పని తాను చేసుకుని ఉంటుంది. ఏడున్నరకి పప్పు ఒక పొయ్యి మీద, పోపు ఇంకో పొయ్యి మీద. నూనెలో పసుపు, వెంటనే క్యాబేజీ, అయిదు నిమిషాల మూత. వెల్లుల్లి పప్పులోకి. ఆవాలు రాత్రే పొడి చేసుకుంటే కమ్మదనం పోతుంది, అప్పటికప్పుడు చిన్న రోట్లో నూరుకోండి, పొయ్యి కట్టేసి అయిదు నిమిషాలాగి కూరలో కలపండి. మూడు నెలలయ్యాక హెచ్‌బీఏ1సీ, నడుము కొలత మళ్లీ తీసి అదే నోటుబుక్కులో, పాత తేదీ కింద రాయండి.